విప్పకుండా, కోయకుండా: లోహంలో దాగిన పగులును పట్టేదెలా?

శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) దగ్గరి ఆస్టినాబాద్‌లో ఇంటి గేటుకు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. గీకి రంగు వేసుకోవచ్చు. కానీ విశాఖ, చెన్నైల నుంచి అండమాన్‌కు మనుషుల్ని చేర్చే ఓడల్లో, విమానాల్లో ఉప్పుగాలి చేసే నష్టం చాలాసార్లు రంగు కింద, రివెట్ల చాటున మొదలవుతుంది. భాగాలను విప్పకుండా, కోయకుండా దాన్ని పట్టే పద్ధతుల్లో ముఖ్యమైనది ఎడ్డీ కరెంట్ పరీక్ష.

దీని అవసరం ఎంతో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో తెలిసొచ్చింది. అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 సుమారు 24 వేల అడుగుల ఎత్తులో ఉండగా ముందుభాగం పైకప్పు ఊడిపోయింది. విమానంలో ఉన్న 95 మందిలో ఒక సహాయకురాలు మరణించారు. దీవుల మధ్య చిన్న ప్రయాణాలతో ఆ విమానం అప్పటికే 89 వేలకు పైగా ట్రిప్పులు తిరిగింది. ఎగిరిన ప్రతిసారీ క్యాబిన్ లోపలికీ బయటికీ మధ్య గాలి ఒత్తిడి తేడా పెరిగి, దిగాక తగ్గేది. రేకుల అతుకులు వదులై తుప్పు పట్టాయి. భారమంతా రివెట్లపై పడి, వాటి రంధ్రాల దగ్గర సన్నని పగుళ్లు పుట్టాయి.

ఇలాంటి పగుళ్లను వెతికే పరికరం పెన్నులా ఉంటుంది. దాని కొనలో చిన్న తీగచుట్ట. అందులో ఏసీ కరెంటు పారితే మారుతుండే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది పక్కనున్న లోహంలో సుడులు తిరిగే కరెంటును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. పగులు అడ్డొస్తే, కాలువ నీరు బండను చుట్టుకుని పోయినట్టు, ఆ కరెంటు దారి మళ్లుతుంది. ఆ తేడా తీగచుట్ట మీద పడి తెరపై గీతగా కనిపిస్తుంది.

ఎంత లోతు చూడాలన్నది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. అల్యూమినియంలో 1 కిలోహెర్ట్జ్ వద్ద ఈ కరెంటు ప్రధానంగా సుమారు 3 మిల్లీమీటర్ల లోతు వరకే ఉంటుంది. 100 కిలోహెర్ట్జ్ వద్ద అది 0.3 మిల్లీమీటర్లే. పైపగుళ్లకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ, లోపలి తుప్పుకు తక్కువ వాడేది అందుకే. అయస్కాంతానికి అతుక్కునే ఉక్కులో లోతు ఇంకా తగ్గుతుంది. అలాంటి ఉక్కు గొట్టాల కోసం రిమోట్ ఫీల్డ్ అనే మరో పద్ధతి ఉంది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రం దానిపై పనిచేసింది.

అయితే అలోహా ప్రమాద సమయానికి ఎడ్డీ కరెంట్ కొత్తదేమీ కాదు. నష్టాన్ని ముందే పసిగట్టడంలో సంస్థ నిర్వహణ విధానమే విఫలమైందని దర్యాప్తులో తేలింది. విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు పగులును చూశారు, కానీ సిబ్బందికి చెప్పలేదు. వేల రివెట్లను ఒక్కొక్కటిగా ఓపిగ్గా చూసే మనిషి లేకపోతే, చేతిలో ఎంత మంచి పరికరమున్నా అక్కరకు రాదు.