ఇంజను కడుపులో గొలుసు

కొల్లేటి ప్రాంతంలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. కాడికి కట్టిన ఎద్దులాంటిది. ముదినేపల్లి నుంచి కైకలూరు వైపు తెల్లవారుజామున వెళ్ళి చూడండి. చేపల పెట్టె కట్టిన బళ్ళూ, మేత బస్తాలతో చెరువుగట్టు ఎక్కే బళ్ళూ కనిపిస్తాయి. బండి మూలపడిందంటే ఆ రోజు బేరం మూలపడినట్లే. అటువంటి బండి ప్రాణం కంటికి కానరాని ఒక సన్నని గొలుసు మీద ఆధారపడి వున్నదంటే వింతగా తోచవచ్చు.

వెనక చక్రాన్ని తిప్పే చైను అందరూ ఎరిగినదే. ఇది అది కాదు. ఇంజను కడుపులో, నూనె తడిలో తిరిగే ఈ గొలుసును మెకానిక్కులు కామ్ చైను అనీ, టైమింగ్ చైను అనీ అంటారు.

పాతతరం వారికి ఈ బెడద లేదు. ఆనాటి రాజ్‌దూత్‌కూ, జావాకూ వాల్వులే లేవు. 1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్టుకు వాల్వులున్నా, వాటిని కదిపినవి పళ్ళ చక్రాలు, పొడుగాటి కడ్డీలు. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చిన తరువాతనే ఈ గొలుసు మన పల్లెల్లో ఇంటింటి వస్తువైంది.

దాని పని ఏమిటి?

కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన కామ్ ఒక చుట్టు తిరగాలి. అందుకే పై చక్రానికి పళ్ళు రెట్టింపు. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు 2,000 మార్లు తెరచుకొని మూసుకుంటుంది. ఈ తాళం తప్పకుండా చూసేది ఆ గొలుసే.

"చైను సాగింది" అంటాము గాని, ఇనుము రబ్బరులా సాగదు. కీళ్ళు అరుగుతాయి. ఒక్కొక్క కీలులో 0.01 మిల్లీమీటరు అరిగినా, 80 కీళ్ళకు 0.8 మిల్లీమీటరు అవుతుంది. అప్పుడు వాల్వులు ఆలస్యంగా తెరచుకుంటాయి, లాగుడు తగ్గుతుంది. మరీ వదులైతే గొలుసు పన్ను దాటుతుంది. కొన్ని ఇంజన్లలో పిస్టను వచ్చి వాల్వును గుద్దుతుంది కూడా. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందంటే ఇదే!

మీటరు చెప్పని లెక్క

"ఇంకా ఎన్నో కిలోమీటర్లు తిరగలేదే!" అని ఆశ్చర్యపడేవారున్నారు. మీటరు లెక్కించేది చక్రాన్ని, ఇంజనును కాదు. బస్తాలతో గట్టు మీద మొదటి గేరులో పోయే బండి ఇంజను, అదే దూరానికి పై గేరులో కన్న సుమారు మూడింతలు తిరుగుతుంది. కనుక చెరువుల మీద తిరిగే బండికి నూనె కూడా త్వరగా మార్చవలసి వుంటుంది. నూనె తగ్గినా, నల్లబడినా, నీళ్ళు చేరి మజ్జిగలా తెల్లబడినా గొలుసుకు ఆయుక్షీణమే.

పరీక్ష, మార్పిడి

టాపెట్ల మోత 'టిక్ టిక్' మని వరసగా వుంటుంది. కామ్ చైను మోత తీరు వేరు: గరగరమని, ముఖ్యంగా యాక్సిలేటరు వదిలినప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. ముందు నూనె చూడాలి. తరువాత ఇంజను చల్లారాక టాపెట్ సందులు, ఆ పైన గొలుసును ఒత్తిపట్టే టెన్షనరు. అప్పటికీ మోత పోకపోతే గొలుసు సంగతి చూడక తప్పదు.

"ఒరేయ్ అబ్బాయ్, కాస్త బిగించి ఇచ్చెయ్యరా, పోద్ది" అంటాడు తొందరలో వున్న పెద్దాయన.

"మోత పోద్ది బాబాయ్, అరుగుదల పోదు కదా!" అంటాడు పనివాడు.

అతని మాట సబబే. టెన్షనరు పూర్తిగా ముందుకు వచ్చేసిన తరువాత ఇక బిగించడానికి ఏమీ మిగలదు. పాత గొలుసునూ, కొత్తదానినీ ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీస్తే తేడా తెలిసిపోతుంది. చక్రాల పళ్ళు కొక్కేల్లా వంగితే వాటినీ, గట్టిపడిన రబ్బరు రోలర్లనూ కూడా అప్పుడే మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త గొలుసు ఎంతో కాలం నిలవదు.

హోండా తరహా వంద సి.సి. బళ్ళలో ఈ పనికి మాగ్నెట్‌ను పుల్లరుతో వూడదీయాలి. సుత్తితో కొట్టరాదు. బిగించేటప్పుడు పిస్టను పై కొసన, రెండు వాల్వులూ మూసుకొని వుండాలి. మాగ్నెట్ మీది 'టి' గుర్తూ, పై చక్రం మీది గుర్తూ వాటి వాటి చోట్లకు సరిపోవాలి. ఒక్క పన్ను తప్పినా పని చెడినట్లే. ఆపైన వెంటనే కిక్కు కొట్టకుండా, ఇంజను తిరిగే దిక్కులోనే క్రాంకును స్పానరుతో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసుకోవాలి. ఎక్కడైనా అడ్డుపడితే బలవంతం చేయక, విప్పి చూడాలి.

నిన్న లేని గరగర నేడు వినిపిస్తే, చేపల పట్టుబడి రోజులు రాకముందే బండిని షెడ్డుకు తీసుకుపొండి. ఒక పూట పని ఆగుతుంది గాని, ఇంజను దక్కుతుంది.