పడిగె చెప్పే కథ

కవి ఊహాలోకంలో విహరిస్తాడని, పరిశోధకుడు ఆధారాల నడుమ కాలం గడుపుతాడని, ఈ ఇరువురికీ పొత్తు కుదరదని ఒక అభిప్రాయం లోకంలో ఉన్నది. మన సాహిత్యచరిత్ర దీనిని సమర్థించదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైల యాత్రికులు పాడుకొనే తుమ్మెద పదాలను, ప్రభాత పదాలను, పర్వత పదాలను పేర్లతో సహా పేర్కొన్నాడు. అది ఇంట కూర్చొని ఊహించగల విషయం కాదు. ప్రజల గొంతు విన్నవాడు మాత్రమే అలా రాయగలడు. శతాబ్దాల తరువాత జానపద వాఙ్మయాన్ని పరిశీలించిన పండితులకు ఆ కావ్యమే ఆధారమైంది.

కావ్యానికీ పరిశోధనకూ గల ఈ అనుబంధాన్ని నేడు పరిశీలించదలచినవారు ఖమ్మం దాటి భద్రాచలం వైపు సాగే అడవి అంచుకు వెళ్ళాలి. భద్రాచలం అనగానే నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న, ఆయన కీర్తనలు గుర్తుకు రావడం సహజం. అయితే అదే గోదావరి తీరాన మరొక వాఙ్మయం కూడ ఉన్నది. అది తాళపత్రాలకెక్కలేదు, గుడ్డమీద, గొంతులో నిలిచింది.

కోయలలో ‘గట్టు’ అనే వంశవిభాగాలున్నాయి. ఒక్కొక్క గట్టుకు తనదైన మూలకథ, ఇలవేల్పు ఉంటాయి. ఆ కథకు సంబంధించిన బొమ్మలతో త్రికోణాకారంలో ఉండే గుడ్డపటమే పడిగె. జాతరల వంటి సందర్భాలలో డోలి కోయలు పడిగెను ఎదుట ఉంచి, డోలు వాయిస్తూ వంశగాథను గానం చేస్తారు. పడిగెలోని బొమ్మ కథకు గుర్తు. పాట ఆ బొమ్మకు వ్యాఖ్యానం. పాడేవాడు లేని పడిగె ఎంత చక్కని ప్రదర్శనశాలలో ఉన్నా మూగదే.

ఈ గాయకులలో ప్రసిద్ధుడు సకిని రామచంద్రయ్య. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోని కూనవరం. (శబరి నది గోదావరిలో కలిసేచోట ఉన్న కూనవరం వేరు.) సమ్మక్క సారలమ్మల గాథను గానం చేయడంలో ఆయన దిట్ట. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ఇటువంటి గాయకుని మరణంతో రికార్డు కాని పాఠమెంతో ఆయనతోనే పోతుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ఆదివాసుల వాద్యాలను, కళాఖండాలను సేకరించడానికి ఊరూరా తిరగడంలోని తొందర ఇక్కడ అర్థమవుతుంది.

ఒక విద్యార్థి సమ్మక్కపై నాటిక రాయదలచాడనుకొందాం. కాకతీయ ప్రభువు కప్పం కోరడం, మేడారంపై సేన దండెత్తడం, సంపెంగవాగు జంపన్నవాగు కావడం, సమ్మక్క చిలకలగుట్టపై అదృశ్యం కావడం అందరూ ఎరిగిన కథ. ఇంతమాత్రమే తీసుకొంటే నాటిక వెనుకటి నాటికలకు నకలవుతుంది. అతడు జాతర జరిగే తీరును కొంచెం పరిశీలిస్తే వేరొక ద్వారం తెరచుకొంటుంది. రెండేండ్లకొకసారి మాఘమాసంలో పగిడిద్దరాజు పూనుగొండ్ల నుండి, గోవిందరాజు కొండాయి నుండి మేడారానికి వస్తారు. పగిడిద్దరాజు సమ్మక్క భర్త. మరి భర్త కొలువు ఒక ఊర, భార్య కొలువు ఒక ఊర ఎందుకున్నాయి? ఆయనను పెండ్లికొడుకుగా అలంకరించి, అడవిదారిన కాలినడకన తీసుకువచ్చే పూజారుల వంశమేది? దారిలో ఎక్కడ ఆగుతారు? ఏమి పాడుతారు? ఈ ప్రశ్నలతో పూనుగొండ్ల పెద్దల దగ్గర కూర్చొన్నవానికి యుద్ధరంగం కంటె ఆ ప్రయాణమే గొప్ప నాటకీయ ఘట్టంగా కనిపించవచ్చు. ఊహ ఆగిపోయినచోట వివరం దారి చూపుతుంది.

లిఖితాధారాల విలువ కూడ తక్కువది కాదు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1941లో పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అనే గ్రంథం ప్రకటించాడు. వారి పోడు వ్యవసాయంతోపాటు కలప వ్యాపారుల వద్ద వారు పడిన బాధలు కూడ అందులో నమోదైనాయి. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన తిరిగిన గోదావరి ఒడ్డు పల్లెలలో కొన్ని పోలవరం ముంపు ప్రాంతంలో చేరాయి. రేపు ఆ పల్లెలపై నవల రాసేవానికి ఇంటి కప్పు ఎలా ఉండేదో చెప్పడానికి ఆ చిత్రాలు, పునరావాస కాలనీలకు తరలిన ముసలివారి మాటలే మిగులుతాయి.

ఐతే అడవిలో దొరికిన కథను తునికాకు కోసుకొన్నట్లు కోసుకొని పోవడం పరిశోధన అనిపించుకోదు. పాడినవాని పేరు, ఊరు, గట్టు తెలుపకుండ పాటను వాడుకొన్న రచనలో ఎంత సొగసున్నా లోటు లోటే. పడిగెపై బొమ్మను చీరమీద అచ్చువేయదలచినవాడు అది ఏ వంశపు ఇలవేల్పో ముందు తెలుసుకోవాలి, ఆ వంశంవారి సమ్మతి పొందాలి. పాటలో కోయమాట వినిపిస్తే నిఘంటువు వెదకడానికి ముందు, పాడినవానినే “తాతా, ఈ మాటకు అర్థమేమిటి?” అని అడగడం మేలు. అటువంటి మాటలు చాలావరకు ఇంకా ఏ నిఘంటువుకూ ఎక్కలేదు.