అంతుపట్టనిదంటే అంత ఇష్టమెందుకు?

మీరు నవ్వినా సరే, చెప్పేస్తాను. రాత్రి వంటిల్లు సర్ది, మర్నాటి దోసెలకు పిండి రుబ్బి పెట్టి, అందరూ పడుకున్నాక నేను చూసేది అత్తాకోడళ్ల సీరియల్ కాదు. మాయమైపోయిన పిల్లలు, ఆకాశంలో వింత వెలుగులు, గోడలోంచి వినపడే గొంతులు... ఇవీ నాకు కావలసినవి. "కథలు రాసేదానివి, నీకిదేం పిచ్చి?" అంటారు మావారు. కథలు రాసేదాన్ని కాబట్టే అని నేనంటాను.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు. నేను పుట్టింది, మెట్టింది రెండూ ఎర్రగుంట్లే. 1990ల చివర్లో వేసవి వచ్చిందంటే మాకు మిద్దె మీదే పడక. పగలంతా కాగిన నాపబండలు అర్ధరాత్రి దాకా వీపుకు సెగ కొడుతుండేవి. నీళ్లు చల్లి, బొంతలు పరుచుకుని పడుకుంటే దూరంగా ఆర్‌టీపీపీ పొగగొట్టాల మీది ఎర్రదీపాలు కనిపించేవి. అవి ఎగిరే పళ్లేలనీ, మన కోసమే దిగబోతున్నాయనీ మా పిన్ని నన్ను భయపెట్టేది. పిన్నంటే అమ్మకు చెల్లెలు, నాకంటే ఏడెనిమిదేళ్లే పెద్ద. అవ్వా పిన్నీ మా ఇంట్లోనే ఉండేవాళ్లు.

అప్పట్లో ఈటీవీలో 'అన్వేషిత' వచ్చేది. యమున, అచ్యుత్ నటించిన సీరియల్. అందులో సైన్సు పెద్దగా ఏం లేదు, అంతా మంత్రతంత్రాలే. అయినా ఆ పాట మొదలైతే చాలు, నేనూ పిన్నీ ఒకే దుప్పట్లో దూరి, ఒకళ్ల చెయ్యి ఒకళ్లం పట్టుకుని చూసేవాళ్లం. దూరదర్శన్‌లో 1998లో మిలింద్ సోమన్ 'కెప్టెన్ వ్యోమ్' వచ్చినప్పుడు హిందీ సగం అర్థం కాకపోయినా వదల్లేదు. అర్థం కాని సగమే ఎక్కువ బాగుండేదేమో!

ఒకరోజు రాత్రి సీరియల్ మధ్యలో పిన్ని ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయింది. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ. అవ్వ పరుగెత్తుకొచ్చి తాళాల గుత్తి చేతిలో పెట్టింది. "ఆ పాడు బొమ్మలు సూసే పాపకు గాలి సోకింది" అని మర్నాడే కేబుల్ వైరు పీకించేసింది. అన్వేషిత చివరికి ఏమైందో నాకు ఈరోజుకీ తెలియదు.

(అవ్వను పూర్తిగా తప్పు పట్టలేం లెండి. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో 'పోకెమాన్' కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మిణుకుమిణుకుమంటే 600 మందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు తీసుకెళ్లారు. మిణుకు వెలుగులు కొందరికి పడవు. కానీ మా పిన్నిది ఆ రకం కాదని తర్వాత తెలిసింది.)

ఆ తర్వాత రెండేళ్లు మా ఇంట్లోనే ఒక సీరియల్ నడిచింది. తాయెత్తులు, విభూతి, వేపమండలు. పిన్ని డిగ్రీ మధ్యలో ఆగింది. వచ్చిన రెండు సంబంధాలు ఈ సంగతి తెలిసి వెనక్కి పోయాయి. ఏ దెయ్యమో, ఎక్కడ పట్టిందో, ఊళ్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. ఆ కథలన్నీ పిన్ని గురించే. పిన్నిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి మా నాన్న కడపలో ఒక నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అవ్వ చెప్పుకుపోతోంది. ఆయన ఆమెను ఆపి పిన్ని వైపు తిరిగి, "పడిపోయే ముందు నీకేమనిపిస్తుందమ్మా?" అన్నారట. పిన్ని కాసేపు మాట్లాడలేకపోయింది. "కాలిన రబ్బరు వాసన వస్తాది సార్. ఎవరికీ రాదు, నాకొక్కదానికే వస్తాది. చెప్తే పిచ్చనుకుంటారని చెప్పలా" అంది. ఆ వాసన కూడా మూర్ఛలో భాగమేనని, మెదడులో ఒకచోట విద్యుత్తు గతి తప్పడం వల్ల అలా అనిపిస్తుందని ఆయన చెప్పి, మాత్రలు రాశారు. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందనీ, సరైన వైద్యం అందితే వారిలో 70 శాతం మంది దాకా మూర్ఛలు రాకుండా బతకవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎవరైనా అలా పడిపోతే తాళాలు వెతక్కండి. నోట్లో ఏమీ పెట్టకుండా, కొట్టుకోవడం తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తండి.

డిగ్రీ రోజుల్లో ప్రొద్దుటూరులో స్నేహితురాలి ఇంట్లో 'ఎక్స్ ఫైల్స్' చూసినప్పుడు నాకు ఆ డాక్టరే గుర్తొచ్చారు. అమెరికాలో 1993లో మొదలైన సీరియల్ అది. అంతుపట్టని కేసులన్నీ ఇద్దరు ఎఫ్‌బీఐ ఉద్యోగుల దగ్గరికి వస్తాయి. మగవాడు ముల్డర్ అన్నీ నమ్మేస్తాడు. ఆడమనిషి స్కల్లీ డాక్టరు, రుజువు చూపించమంటుంది. మన కథల్లో దెయ్యాలను నమ్మే పని ఎప్పుడూ ఆడవాళ్లదే కదా, అందుకే నాకు భలే నచ్చింది. స్కల్లీ సందేహిస్తుందే గానీ, చెప్పేవాళ్లను వెక్కిరించదు. ఎదుట కూర్చుని, కాగితం పెన్ను తీసి, "ఏం చూశారు?" అని అడుగుతుంది. చాలా కేసులు చివరికి తేలవు కూడా. 2018లో జీనా డేవిస్ సంస్థ చేసిన అధ్యయనంలో, సైన్సు, టెక్నాలజీ రంగాల్లో పనిచేస్తూ ఆ పాత్ర తెలిసిన మహిళల్లో 63 శాతం మంది స్కల్లీయే తమకు ఆదర్శమని చెప్పారు.

ఇలాంటి సీరియళ్లలో నన్ను లాగేది రహస్యం ఒక్కటే కాదని నాకు మెల్లగా తెలిసింది. ఒక మనిషికి ఏదో కనిపిస్తుంది, ఎవరూ నమ్మరు. ఆ మాటను గంటసేపు పట్టించుకునేవాళ్లు ఒకరు వస్తారు. రహస్యం విడిపోయాక మామూలుగా నాకు ఉసూరుమంటుంది, యంత్రమో, వైరసో, ఏదో ఒకటి చెప్పి తేల్చేస్తారు. ఆ పట్టించుకునే గంట మాత్రం మళ్లీ మళ్లీ చూడగలను.

ఇప్పుడు మా అమ్మాయి వంతు. పదో తరగతి పరీక్షలయ్యాక నెట్‌ఫ్లిక్స్‌లో 'స్ట్రేంజర్ థింగ్స్' పట్టుకుంది. 2016లో మొదలైన ఆ సీరియల్ మొదటి భాగంలో కొడుకు తప్పిపోయిన తల్లి జాయిస్ ఉంటుంది. ఇంట్లో దీపాలు వెలిగి ఆరుతుంటే పిల్లాడే మాట్లాడుతున్నాడంటుంది. గోడ మీద అక్షరాలు రాసి, వాటిపై రంగు బల్బులు వేలాడదీస్తుంది. కడుపుకోతతో మతి పోయిందనుకుంటారు ఊళ్లోవాళ్లు.

పోయిన నెల పిన్ని వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు. మూర్ఛ వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. మా అమ్మాయి పక్కన కూర్చుని ఆ బల్బుల గోడ కాసేపు చూసింది. "ఈయమ్మకేమైంది?" అంటే కథంతా చెప్పింది నా కూతురు.

"ఊరంతా పిచ్చిది అంటాండారు గానీ, ఏం కనపడిందని ఆయమ్మను ఒకరన్నా కూచోబెట్టి అడిగినారా?" అంది పిన్ని.

"ఇంకా లేదు చిన్నవ్వా, పోలీసాయన వస్తాడు, ఉండు" అంది మా అమ్మాయి.

తొమ్మిదయింది. పిన్ని మాత్ర, గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను.