ఎండ ప్రాంతాల్లో సీస–ఆమ్ల బ్యాటరీ: సంరక్షణ, మార్పిడి

ఉరవకొండ ప్రాంతంలో తొలకరి పడగానే వేరుశనగ విత్తడానికి ట్రాక్టర్లన్నీ ఒకేసారి కదలాలి. వేసవంతా చెట్టు కింద నిలిచిన ట్రాక్టరుకు ఆ రోజు తాళం తిప్పితే ‘టక్’మన్న శబ్దమే వస్తుంది. నేలలో పదును ఆగదు. కొత్త బ్యాటరీకి అప్పు చేసే ముందు పాతది నిజంగా చెడిందో లేదో తేల్చుకోవాలి. అందుకు కావలసిన రసాయన శాస్త్రం చాలా కొంచెమే.

1859లో గాస్టన్ ప్లాంటే రూపొందించిన ఈ ఘటంలో ధన పలక లెడ్ డయాక్సైడ్, రుణ పలక సీసం, మధ్యలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. డిశ్చార్జి అయ్యేటప్పుడు రెండు పలకలపైనా లెడ్ సల్ఫేట్ ఏర్పడి, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఈ చర్య వెనక్కు నడుస్తుంది. డిశ్చార్జి అయిన స్థితిలోనే వదిలేస్తే సల్ఫేట్ స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి, ఛార్జికి లొంగవు. దీనినే సల్ఫేషన్ అంటారు. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను డిశ్చార్జి అవుతూనే ఉంటుంది, వేడిలో మరింత వేగంగా. కాబట్టి నిలిపి ఉంచిన బండికి రుణ తీగ విప్పి, నెలకోసారి ఛార్జి చేయించాలి.

చలి దేశాల్లో బ్యాటరీ చలికాలపు ఉదయాన మొరాయిస్తుంది. మన దగ్గర దాని ఆయుష్షు తినేది ఎండ. 25 డిగ్రీల సెల్సియస్‌కు పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుర్దాయం సుమారు సగమవుతుందని స్థూలంగా లెక్క. ఛార్జింగులో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటకు పోతుంది, ఆమ్లం మిగిలే ఉంటుంది. అందుకే కలపవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీటిలోని క్లోరైడ్లు ధన పలకను తింటాయి, ఇనుము డిశ్చార్జిని పెంచుతుంది. ఈ సంగతి తరగతిలో చెప్పే నేనే ఒకసారి ప్రయాణంలో తొందరపడి నా పాత జీపుకు బోరు నీళ్లు పోశాను. ఆ బ్యాటరీ మరుసటి వేసవి చూడలేదు. పూర్తిగా మూసి ఉన్న రకాలకు నీళ్లు పోసే పని లేదు.

ఇక పరీక్ష. ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లని పొక్కు పేరుకుంటే తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరాక బిగించండి. చాలాసార్లు రోగం ఇంతే. తర్వాత, బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు వోల్టేజి కొలవండి. ఆరు ఘటాలకు 12.6 వస్తే నిండుగా ఉన్నట్లు, 12.0కు దిగితే దాదాపు ఖాళీ. ఖాళీ అయినంత మాత్రాన చెడినట్లు కాదు. పూర్తిగా ఛార్జి చేశాక కూడా స్టార్టరు తిప్పేటప్పుడు 9.6కంటే దిగువకు పడితే, లేదా హైడ్రోమీటరులో ఒక్క ఘటం మాత్రం మిగతావాటికంటే 0.05 తక్కువ చూపితే, మార్చవలసిందే. కొత్తదీ త్వరగా దిగిపోతే దోషం ఆల్టర్నేటరుది కావచ్చు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు రావాలి.

విప్పేటప్పుడు రుణ తీగ ముందు, బిగించేటప్పుడు చివర. ఛార్జి చేసే చోట బీడీ, అగ్గిపుల్ల వద్దు, హైడ్రోజన్ పేలుతుంది. కంట్లో ఆమ్లం పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి. పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీయడం, ఆమ్లాన్ని కాలువలో పోయడం ఊళ్లలో ఇంకా కనిపిస్తుంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటి సేకరణ బాధ్యత తయారీదారులది. దుకాణంలో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. తగ్గిన ద్రవానికి బదులు ఆమ్లం పోస్తే ఘటంలో ఏం జరుగుతుంది?
2. ధన తీగను ముందు విప్పేటప్పుడు పానా ట్రాక్టరు బాడీకి తగిలితే ఏమవుతుంది? ఎందుకు?