మానసిక చికిత్సలో రోగి మాటకు ప్రాధాన్యం

మానసిక బాధతో ఆసుపత్రికి వచ్చేవారు తమ సమస్యను వ్యాధి పేరుతో చెప్పరు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో, నరాల బలహీనత అనో తమకు తెలిసిన మాటల్లో వివరిస్తారు. వీటిని మూఢనమ్మకాలుగా కొట్టివేసినట్లయితే రోగి చికిత్సకు దూరం కావచ్చు. ప్రతి నమ్మకాన్నీ రోగ లక్షణంగా పరిగణించినట్లయితే రోగ నిర్ధారణే పొరపాటు కావచ్చు.

ఈ ఇబ్బందిని నివారించేందుకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 గ్రంథంలో 16 ప్రశ్నల సాంస్కృతిక ప్రశ్నావళిని పొందుపరిచారు. భారతదేశంతో సహా ఆరు దేశాలలో దీనిని క్షేత్రస్థాయిలో పరిశీలించారు. రోగి తన సమస్యను ఏమని పిలుస్తున్నారు, కారణమేమని భావిస్తున్నారు, కుటుంబం ఎంతవరకు అండగా ఉంది, లోగడ ఎవరిని ఆశ్రయించారు, ఇప్పుడు ఎటువంటి సహాయం కోరుతున్నారు అనే అంశాలు ఇందులో ఉన్నాయి. కులమతాలను బట్టి ఊహించుకోకుండా రోగినే అడిగి తెలుసుకోవడం దీని ఉద్దేశం.

మన దేశంలో చట్టం కూడా ఇటువంటి జాగ్రత్తనే కోరుతోంది. సమాజంలోని సాంస్కృతిక విలువలను, మత విశ్వాసాలను అనుసరించకపోవడం ఆధారంగా ఎవరినీ మానసిక రోగిగా నిర్ధారించరాదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 స్పష్టం చేస్తోంది.

మానసిక సమస్యలపై సలహాలకు టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.