అతుకు కనబడని మట్టి

సూర్యాపేట జిల్లా నాగారం మండలమున ఫణిగిరి యను గ్రామము కలదు. పాము పడగను బోలిన కొండ యగుటచే దాని కా పేరు వచ్చినది. ఆ కొండమీద క్రీస్తు శకారంభమునకు ఇంచుమించు ముందువెనుకలుగా వెలసి, కొన్ని శతాబ్దములు వర్ధిల్లిన బౌద్ధారామము యొక్క శిథిలములు బయల్పడినవి. మహాస్తూపము, గజపృష్ఠాకృతి గల చైత్యగృహములు, భిక్షువుల విహారములు, స్తంభముల సభామంటపము అచ్చట నుండెను. ఇటుకయు రాయియు కలిసి ఆ ఆరామమును నిలిపినవి. అచ్చటి సున్నపురాతి శిల్పములు 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము వరకు పోయి లోకుల మన్నన పొందినవి. ఇటుక కట్టి గౌరవము దక్కలేదు. అయినను నేడు ఇటుకను గూర్చియే ఆలోచింపవలసిన కాలము వచ్చినది.

ఏలయన, నేటి విద్యార్థి శిథిలమును చూచి నిట్టూర్చి యూరకుండుట లేదు. పడిపోయిన గోడలను కంప్యూటరు తెరమీద మరల నిలువబెట్ట నేర్చుచున్నాడు. గోడ కొలతలు గీయుట అంత కష్టము కాదు. అది కాల్చిన మట్టితో కట్టిన గోడ యని చూపరి కన్నును ఒప్పించుటయే కష్టము. ఆ పనిని నెరవేర్చునది టెక్‌స్చరు. వస్తువు ఆకారమునకు దాని పైపొర చిత్రమును బట్టవలె తొడుగు ఈ విధానమును 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున ఎడ్విన్ కాట్‌మల్ తన పరిశోధనలో చూపెను. 1978లో జేమ్స్ బ్లిన్, నున్నని తలముమీదనే వెలుగునీడలను మార్చి మిట్టపల్లములను భ్రమింపజేయు ఉపాయమును కనిపెట్టెను.

పెద్ద గోడకంతకు సరిపోవు ఛాయాచిత్రమును తీయుట దుర్లభము. అందుచే చిన్న చదరమొకటి తీసికొని, నేలమీద పలకలు పరచినట్లు దానినే పదేపదే పరచుదురు. అప్పుడు మొదటి చిక్కు వచ్చును. ఒక చదరపు కుడియంచు ప్రక్క చదరపు ఎడమయంచుతో కలియనిచో అతుకు గీతవలె బయటపడును. ముంగిట ముగ్గు పెట్టు ఇల్లాలికి ఈ చిక్కు క్రొత్తది కాదు. తీగముగ్గు తెగక సాగవలెనన్నచో ఒక మెలిక ముగిసినచోటనే మరియొక మెలిక మొదలుకావలెను. కంప్యూటరు పనివారు చేయునదియు ఇదియే. చదరమును సగము వెడల్పు ప్రక్కకు, సగము ఎత్తు క్రిందికి జరిపినచో బయటి అంచులు నడిమికి వచ్చును. అచ్చట కనబడు అతుకును చుట్టుప్రక్కల మట్టిరంగుతో మాపివేయుదురు.

ఈ కోరిక మానవునకు మిక్కిలి పాతది. మెసొపొటేమియాలోని ఉరుక్ నగరమున అయిదువేల యేండ్లకు పూర్వమే మట్టి శంకువులను తడిపూతలో గ్రుచ్చి, ఎరుపు, తెలుపు, నలుపు తలలతో గోడలమీద మొజాయిక్కు రచించిరి. రాజస్థానములోని కాలీబంగన్‌లో హరప్పా నాగరికత నాటి ఇంటి నేల యొకటి దొరికినది. దాని పలకలమీద ఒకదానినొకటి ఖండించుకొను వృత్తములు కలవు. అట్టి వృత్తముల అల్లిక ఎటు సాగినను మొదలు తుద తోచదు.

అతుకు మాసిన పిమ్మట రెండవ చిక్కు తలయెత్తును. చదరములో ఒక్క నల్లమచ్చ యున్నచో, నూరు చదరములు పరచిన గోడమీద నూరు మచ్చలు సైనికులవలె వరుసదీరి నిలుచును. కన్ను దానిని క్షణములో పట్టుకొనును. దీనికి కెన్ పెర్లిన్ 1985లో ప్రకటించిన గణిత విధానము ఒక మందు. అది ప్రకృతిలోని అక్రమమును అనుకరించుచు రంగును చోటుచోటుకు మార్చును. హావో వాంగ్ అను తార్కికుడు 1961లో ఊహించిన పలకలు వేరొక మందు. అంచుల రంగులు కలిసిన పలకలనే ప్రక్కప్రక్కన పేర్చవలె నను ఆ నియమమును 2003లో చిత్రరచనకు అన్వయించిరి. కొన్ని పలకలతోనే ఎన్నడును ఒకే తీరున మరలిరాని గోడ సిద్ధమగును.

మట్టి స్వభావ మెరుగనివానికి ఈ రెండు మందులును పనిచేయవు. మట్టిలోని యినుము నిప్పులో గాలితో కలిసినచో ఎరుపెక్కును. గాలి చాలనిచో నల్లబడును. ఆవములో మంటకు దగ్గరనున్న ఇటుక ఒక వన్నె, దూరమున నున్నది మరియొక వన్నె తేలును. ఇట్లు ఇటుకల రంగులు వేరగుటకు కారణము కలదు. ఇష్టము వచ్చినట్లు చల్లిన మచ్చలు ఆ కారణమును చెప్పజాలవు. మరియు కాల్చిన మట్టి అద్దమువలె మెరయదు; పడిన వెలుగును నలుదెసలకు చెదరగొట్టును. కావున రంగునకు ఒక పటము, గరుకునకు ఒక పటము, ఎత్తుపల్లములకు ఒక పటము వేరువేరుగా సిద్ధపరచవలెను.

ఇంతవరకు నేర్పును గూర్చిన మాట. ఇక నీతిని గూర్చిన మాట యొకటి కలదు. శిథిలమైన ఆరామములో గోడ కొంత ఎత్తు వరకే మిగులును. ఆ పైది మనము ఊహించినది. అతుకులేని టెక్‌స్చరును అడుగునుండి కొనవరకు ఒకే తీరున కప్పినచో, దొరికిన ఇటుకకును కల్పించిన ఇటుకకును నడుమనున్న గీత కూడ మాసిపోవును. తరగతి గదిలో ఆ బొమ్మను చూచు బాలుడు అంతయు త్రవ్వకములో దొరికినదే యని నమ్మును. ఊహ ఆరంభమగు చోట పునరుద్ధరణ ఆగవలెనని 1964 నాటి వెనిస్ శాసనపత్రము విధించినది. కంప్యూటరు చిత్రములలో ఆధారమెంత, ఊహయెంత యని వెల్లడింపవలెనని 2006లో రూపొందిన లండన్ శాసనపత్రము కోరినది. మ్యూజియములలో పగిలిన కుండను అతికించువారు లోటును తరచుగా కొంచెము భిన్నమైన రంగుతో పూడ్చుదురు. దూరమునుండి కుండ నిండుగా కనబడును. దగ్గరకు పోయినచో నిజము తెలియును. తెరమీది ఇటుకకును ఆ మర్యాదయే తగినది. దొరికినంతవరకు అసలు వన్నె, ఊహించినంతవరకు లేత వన్నె వేసినచో చాలును.

ఉపాధ్యాయులు దీనిని పాఠముగ చేయవచ్చును. మబ్బుపట్టిన దినమున, నీడలు లేని వేళ, ఊరిలోని పాత ఇటుకగోడ నొకదానిని కొలబద్దతో సహా ఎదురుగా నిలిచి చిత్రము తీయింపవలెను. ఎండలో తీసినచో ఆ నీడలు చిత్రములో నిలిచిపోయి, తెరమీది సూర్యునితో తగవులాడును. పిమ్మట పిల్లలచే అతుకు మాపించి, గోడ కట్టించి, ఏది చూచినది, ఏది కల్పించినది యని వారిచేతనే వ్రాయింపవలెను. అతుకును దాచ నేర్చిన చేయి, దానిని చెప్పవలసినచోట చెప్పుటకు కూడ నేర్వవలెను.