కారు అద్దం మీది మచ్చ ఎలా మాయమైంది?

లారీ వెనకాల వెళ్తుంటే ఓ కంకర రాయి ఎగిరొచ్చి టక్కుమని కారు ముందద్దానికి తగిలింది. రూపాయి బిళ్లంత తెల్లమచ్చ! మెకానిక్ కాసేపు కుస్తీ పట్టాడు, మచ్చ దాదాపు కనిపించలేదు. ఏం మాయ చేశాడు?

ఆ అద్దం క్రీమ్ బిస్కెట్ లాంటిది. రెండు గాజు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. రాయి దెబ్బ చాలాసార్లు బయటి పలకతోనే ఆగిపోతుంది.

మరి మచ్చ తెల్లగా ఎందుకుంది? పగుళ్లలో గాలి దూరింది, అక్కడ వెలుగు చెదిరిపోతోంది. పకోడీల పొట్లం చూశారుగా? నూనె అంటినచోట కాగితంలోంచి వెలుగు కనిపిస్తుంది. పోగుల మధ్య గాలిని నూనె తరిమేసిందన్నమాట.

మెకానిక్ చేసిందీ అదే. ఊడిన గాజు రజను సూదితో తీశాడు. మచ్చపై చిన్న పంపు బిగించి గాలి లాగేశాడు. రెజిన్ అనే పల్చని జిగురును ఒత్తిడితో ఎక్కించాడు. వెలుగును అది ఇంచుమించు గాజులాగే వంచుతుంది. మచ్చ పెద్దది కదా, ఒక్కసారికి లొంగదు. మళ్లీ గాలి లాగాలి, మళ్లీ జిగురు ఎక్కించాలి. ఓపిక కావాలి! పైగుంటలో చిక్కటి జిగురు నింపి అతినీలలోహిత దీపం పెట్టాడు. ఎండలోనూ ఉండే, కంటికి కనపడని ఆ కిరణాలకు జిగురు నిమిషాల్లో గట్టిపడింది. ఉబ్బినదాన్ని బ్లేడుతో గీకేశాడు.

వదిలేస్తే? మండుటెండలో ఏసీ వేసినా, గుంతలో కుదుపొచ్చినా పగుళ్ల కొసన ఒత్తిడి పెరిగి అవి పాకుతాయి. లోపలి పలక కూడా పగిలితే మాత్రం కొత్త అద్దమే.